ఫొటోలో నాలుగు తుపాకులు

“ఆ మిగతా మూడు తుపాకులూ ఎవరివమ్మా?” అని ఏజెంటక్క ఫోన్లో రెండోసారి అడిగినాది.

నేను ఫ్యాక్టరీ కాంటీన్లో లైనులో నిలబడి ఉన్నాను. ఒక సేతిలో ఖాళీ పళ్ళెం, ఒక సేతిలో ఫోను. ఎనకాల పదిమంది ఆకలితో ఉన్నారు.

“ఏ మూడక్కా?” అన్నాను.

“నువ్వు పంపిన ఫొటోలో నాలుగున్నాయి. మీ నాన్నది ఒకటే గదా. మరి ఆ పూలదండలేటి, ఆ నిమ్మకాయలేటి? ఎనకాల కనిపిస్తన్న ఇల్లు మీదేనా? కంపెనీవోళ్ళు అడుగుతన్నారు.”

అప్పటికి గాని నేనేటి పంపినానో నాకు ఎలగలేదు. లైను వొదిలేసి బయటికి వచ్చీసినాను. ఆ పూట తినలేదు.

ఆ అక్క తమిళామె. మలేసియాలో మా బంటింగు టౌను బజార్లో మోటారుబళ్ళకి రోడ్డుటాక్సు కట్టి, ఇన్సూరెన్సు తిప్పి రాసే సాపు ఆమెది. మా ఇంట్లో రెండు బళ్ళకీ ఆమే రాత్తాది. ఆమె మాటాడేదంతా తమిళమే, నేను మన మాటలో పెట్టి సెప్తన్నాను.

తుపాకికి ఇన్సూరెన్సు ఏటని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగినాను. మా అయ్య రబ్బరు తోటలో పుట్టి తోటలోనే పెరిగినోడు. తోట యజమానులు రబ్బరు సెట్లు కొట్టీసి పామాయిలు ఏసినారు, తరవాత ఆ తోటే అమ్మీసినారు, మేం టౌనుకి వచ్చీసినాం. ఇప్పుడు అయ్య సేసే పని, సిన్న రైతుల పామాయిలు తోటలకి పందుల కాపలా. కొత్తగా నాటిన మొక్కని అడివిపంది ముట్టెతో లేపీసి, మొదట్లో ఉండే తెల్లటి మెత్తదంతా తినీసి పోతాది. ఒక్క పూటలో వరసకి వరస కాళీ. అందుకని తెల్లారగట్లా, సందేళా అయ్య తన సొంత తుపాకి పట్టుకొని తిరుగుతాడు. మధ్యకి విరిచి తూటా పెట్టే పాతకాలం తుపాకి అది. లైసెన్సు ఉన్నాది, ఏటేటా తప్పకుండా తిప్పి రాయించుకుంటాడు. నా పుట్టినరోజు మరిసిపోతాడు గాని ఆ తారీకు మరవడు.

ఆ రైతులకి పెద్ద ఒక మలాయి ముసలాయన. పాక్‌చిక్ అని పిలుస్తాం, అంటే మన బాబాయి లాగ. ఆయన ఒకరోజు ఇంటికొచ్చి మెట్టు మీద కూకొని సెప్పినాడు. “నీ మీద నమ్మకం లేక కాదు. అవతల జిల్లాలో ఎవరో పందిని కాలిస్తే సీసపు గుండొకటి కోతపనోడి పిక్కలో దిగినాది. ఆసుపత్రి ఖర్సు ఎవరు పెట్టుకోవాలని వాళ్ళింకా కొట్లాడుకుంటన్నారు. వచ్చే నెల ఒకటో తారీకు నించి ఇన్సూరెన్సు కాగితం లేని తుపాకి మా తోటల్లోకి రాకూడదు. నీకే కాదు, అందరికీ అంతే.”

అయ్య తల ఊపినాడు. ఆయన ఎల్లిపోనాక మాత్రం రెండురోజులు సణిగినాడు. “ముప్పై ఏళ్ళనించి కాలుత్తన్నాను. ఒక్క మనిషికి తగిల్నాదా? ఒక్క మేకకి తగిల్నాదా?”

“తగల్లేదు గనకే ఇప్పుడు రాయించుకోవాలయ్యా. తగిలినాక ఎవడు రాత్తాడు?” అన్నాను.

“నువ్వు సూడు మరి. నీకే గదా ఫోను సదవడం వచ్చు.”

అలగ నా నెత్తిన పడినాది. నేను ఫారం త్రీతో, అంటే తొమ్మిదో తరగతితో, సదువు ఆపీసినాను, అయినా మా ఇంట్లో కాగితమంటే నేనే. ఈ కాగితం రాకపోతే ఏటవుతాదో నాకు తెలుసు. అయ్య కాపలా పోతాది. కాపలా పోతే ఇంక టీవీ, మోకాలి నొప్పి, పొద్దస్తమానం అమ్మతో తగువు. తోట అమ్మీసిన ఏడు ఆ మనిషి ఎలగున్నాడో నేను సూసినాను. నాలుగు నెలలు గెడ్డం గీసుకోలేదు. పందుల పని దొరికినాకే మళ్ళీ మనిషైనాడు. అది మళ్ళీ సూడలేను నేను.

సరే, వెతకడం మొదలెట్టినాను. మొదట ఇంటి సామాన్లకి రాసే ఇన్సూరెన్సు సూసినాను. టీవీ ఉన్నాది, ఫ్రిజ్జు ఉన్నాది, బంగారం ఉన్నాది, ఆఖరికి కర్టెన్లు కూడా ఉన్నాయి. వేలితో కిందకి జరుపుకుంటా పోతే అట్టడుగున, సీమ తలకాయంత అక్షరాల్లో, తుపాకులకి మాత్రం వర్తించదని ఉన్నాది. పదిహేను పేజీలు సదివించి ఆ మాట ఆఖర్న సెప్పడమేటి? ముందే సెప్పొచ్చు గదా.

రెండోది యాక్సిడెంటు పాలసీ. ఫోన్లో ఒకావిడ ఎంతో తియ్యగా మాటాడినాది. అయ్యకి దెబ్బ తగిలితే డబ్బులొత్తాయి, చెయ్యి పోతే ఇంత, కన్ను పోతే అంత. “అయ్య వల్ల ఏరేవోళ్ళకి తగిలితే?” అని అడిగినాను. “అది ఇందులో రాదండి” అన్నాది అదే తియ్యదనంతో. అరగంట అయ్య కళ్ళూ సేతులూ లెక్కెట్టించి, నాకు కావల్సిన ఒక్కటీ లేదన్నాది.

మూడోది షూటింగు క్లబ్బువోళ్ళది. అందులో ఏరేవోళ్ళకి తగిలినా కడతారు, గాని క్లబ్బు గోడల లోపల కాలిస్తేనే. అయ్యకి సదివి ఇనిపించినాను. “అయితే పందుల్ని క్లబ్బుకి రమ్మని సెప్పు” అన్నాడు. అమ్మ వంటింట్లోంచి నవ్వినాది. నాకు నవ్వు రాలేదు. ఫ్యాక్టరీలో నా టీ బ్రేకులన్నీ, నా ఆదివారాలన్నీ ఈ తుపాకికే పోతన్నాయి, వీళ్ళకి ఎటకారం.

ఆఖరికి ఏజెంటక్కే ఒకటి పట్టుకొచ్చినాది. అందులో రెండు భాగాలు. ఒకటి, తాళమేసిన బీరువాలోంచి తుపాకి దొంగలెత్తుకుపోతే. రెండోది, కాగితంలో పేరు రాసిన తోటల్లో కాల్చినప్పుడు ఏరేవోళ్ళకి తగిలితే. ఒకటి తీసుకోవచ్చు, రెండూ తీసుకోవచ్చు. పాక్‌చిక్ అడిగినాది రెండోదే. అయినా నేను రెండూ పెట్టమన్నాను. ఇంత తిరిగినాక సగం కాగితం పట్టుకెల్తే ఎలగ అనిపించినాది.

“లైసెన్సు కాపీ, బీరువా ఫొటో, తుపాకి ఫొటో పంపు. ఇప్పుడే పంపితే ఇవాళే ఎక్కించేస్తాను” అన్నాది అక్క.

నేను షిఫ్టులో ఉన్నాను. అయ్య తోటలో, తుపాకి అయ్య దగ్గర. అయ్యకి ఫొటో తీసి పంపడం రాదు. సాయంత్రం వరకు ఆగితే ఏటి పోయినాది? ఏటీ పోదు. నాకే ఓపిక లేదు. ఫోన్లో పాతవి తోసుకుంటా పోతే, పోయినేడు ఆయుధపూజ ఫొటో దొరికినాది. తుపాకి తళతళా మెరుత్తన్నాది, గొట్టానికి గంధం, కర్రకి కుంకంబొట్టు, మెడలో సామంతి దండ. ఇంతకన్నా బాగున్న ఫొటో ఏ తుపాకికుంటాది అనుకొని పంపీసినాను. పక్కన ఇంకో మూడున్న సంగతి నా బుర్రకి తట్టలేదు. సిన్నప్పట్నించీ ఆ నాలుగూ కలిసే సూసినాను, ఏరేగా కనపడలేదు.

ఆ నాలుగు తుపాకుల కథ ఇదీ. తోటలో ఉన్నప్పుడు అయ్యా, ఇంకో ముగ్గురూ ఒకే ఏడు లైసెన్సు తీసుకున్నారు. పంది ఎనక నలుగురూ కలిసి పోయేవోరు. నలుగురు నాలుగు దిక్కుల నించి పొదల్లోకి కాలిస్తే ఎవరి గుండు ఎవరికి తగుల్తాదో తెలీదు గదా. అందుకని ఆయుధపూజ నాడు నాలుగు తుపాకుల్నీ ఒకే ఎర్రగుడ్డ మీద, పక్కపక్కన, రాములవారి పటం ముందర పెడతారు. ఆ రోజు ఎవరూ ముట్టుకోకూడదు. మర్నాడు పొద్దున్న హారతిచ్చినాకే ఎవరిది వాళ్ళు తీసుకోవాల. ఒకే గుడ్డ మీద పడుకున్న తుపాకులు ఒకదాన్నొకటి కరవవని వాళ్ళ నమ్మకం. తోట పోయినా, ఒకరికొకరు దూరంగా ఉన్నా, ఆ పూజ మాత్రం మానలేదు. నలుగుర్లో పెద్దాయన ఇంట్లో జరుగుతాది. సొంత సుట్టం కాదు గాని ఆయన్ని మేం పెద్దయ్య అంటాం. మిగతా ఇద్దర్నీ మావా అంటాం.

అంటే ఏటేటా ఒక రాత్రి మా అయ్య తుపాకి మా ఇంట్లో ఉండదు. తాళమేసిన బీరువాలో ఉండదు. అయ్య సేతిలో కూడా ఉండదు. ఏరేవోళ్ళ హాల్లో, నిమ్మకాయల మధ్యన ఉంటాది. దాని ఫొటో తీసి, నా సేత్తో నేనే, ఇన్సూరెన్సు కంపెనీకి పంపినాను.

ఆ సాయంత్రం అయ్య వాకిట్లో కూకొని బూట్లకి అంటిన మట్టి పుల్లతో గీకుతన్నాడు.

“అయ్యా, ఒక తప్పు సేసినాను” అన్నాను.

“బండి గుద్దినావా?”

“కాదు. పూజ ఫొటో ఏజెంటక్కకి పంపినాను.”

“బాగుంటాది గదా ఆ ఫొటో.”

ఏటనాలి నేను? కూకొని మొత్తం సెప్పినాను. తుపాకి ఎప్పుడూ మన బీరువాలోగాని, తోటలో నీ సేతిలోగాని ఉండాల, ఇంకెక్కడా ఉండకూడదు, ఆ ఇల్లు ఎవరిది, ఎంతసేపు ఉన్నాది అని అడుగుతన్నారు. అక్క ఒక ఉపాయం సెప్పినాది. ఫొటో కోసం ఐదు నిమిషాలు పెట్టి వెంటనే ఇంటికి తెచ్చీసినాం అని ఒక ఉత్తరం రాసి, అయ్యతో సంతకం పెట్టిస్తే అయిపోతాదట.

అయ్య పుల్ల కింద పెట్టినాడు. “ఐదు నిమిషాలా?”

“మాటకి అయ్యా.”

“రాములోరి ముందర రేయంతా పెట్టి, ఐదు నిమిషాలని నా సేత సంతకం పెట్టిత్తావా?”

“రాములోరు ఇన్సూరెన్సు ఆఫీసులో కూకోలేదు.”

“అందుకే భయం లేదు నీకు.”

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఇంటన్నాది. “తగువులాడుకోడానికి మీకు తుపాకి ఒకటి కావల్సొచ్చినాదేటి, కూర మాడిపోతన్నాదని సెప్పేవోళ్ళు లేరు” అనీసి లోపలికి ఎల్లిపోనాది. కూర ఆమె పొయ్యి మీదే ఉన్నాది, మాడితే మేమేటి సేత్తాం?

నాకు ఎంత కోపమొచ్చినాదంటే, అయ్య మీద, అక్క మీద, కంపెనీ మీద, అందరికన్నా ఆ ఫొటో నొక్కిన నా వేళ్ళ మీద. ఉత్తరం రాయమని అక్క ఇచ్చిన ఫారం తీసి నేనే ఐదు నిమిషాలని రాద్దామని కూకొన్నాను. సంతకం సంగతి తరవాత సూద్దాం అనుకున్నాను. రాయబోయే ముందు అడుగున ఉన్నది సదివినాను, ఈసారి ముందే అడుగునుంచి సదవడం నేర్సుకున్నాను గదా. ఇందులో ఒక్క మాట అబద్ధమని తేలినా ఈ ఇన్సూరెన్సు చెల్లదు అని ఉన్నాది.

అంటే నేను అబద్ధం రాసి కాగితం తెచ్చుకుంటే, పాక్‌చిక్ ఒప్పుకుంటాడు, అయ్య తోటలోకి ఎల్తాడు. ఏనాడన్నా ఒక గుండు ఎవడి పిక్కలోనో దిగితే మాత్రం, వాళ్ళు ఈ ఫొటో తీసి మా మొహాన కొట్టి పొమ్మంటారు. ఫొటో వాళ్ళ దగ్గరే ఉన్నాది, నేనే ఇచ్చినాను. అప్పుడు ఆసుపత్రి ఎవరు పెట్టుకోవాల? అలాంటి కాగితం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అందుకని నిజమే రాసినాను. పోయినేడు ఆయుధపూజకి ఒక రాత్రి ఫలానా ఇంట్లో నాలుగు తుపాకులూ పెట్టినాం, తూటాలు లేవు, ఇంటి మనుషులు అక్కడే పడుకున్నారు, ఇది మా ఆచారం. మలాయిలో రాసినాను, నా మలాయి ఉత్తరం రాసే మలాయి కాదు, బజార్లో బేరమాడే మలాయి. అక్క సదివి నెత్తి కొట్టుకున్నాది.

“ఇంత వివరంగా ఎవరు రాయమన్నారమ్మా నిన్ను? నిమ్మకాయల గురించి కూడా రాసినావు.”

“ఫొటోలో ఉన్నాయి గదక్కా.”

“వాళ్ళు తోసీత్తే నన్ననకు.”

వారం పోనాది. ఒకటో తారీకు దగ్గరకొచ్చేత్తన్నాది. పాక్‌చిక్ రెండుసార్లు ఫోను సేసినాడు, మర్యాదగానే. రోజూ బ్రేకులో నేను అక్కకి ఫోను సేసేదాన్ని, ఆమె “రాలేదు” అనీసి పెట్టీసేది. అయ్య మాత్రం ఏటీ అడగలేదు. అడిగితే బాగుణ్ణు, నేను నాలుగు మాటలనేదాన్ని. రోజూ పొద్దున్నే ఎప్పట్లాగే బూట్లేసుకొని పోయేవోడు, ఇంక ఎన్నిరోజులో అనుకొని నేను కిటికీలోంచి సూసేదాన్ని.

ఎనిమిదో రోజు జవాబొచ్చినాది. దొంగతనం భాగం ఇవ్వం అన్నారు. రెండోది, ఏరేవోళ్ళకి తగిలితే కట్టేది, ఇత్తామన్నారు, ఒక షరతు మీద. ఇక మీద ఏ కారణానికైనా, ఒక్క పూటైనా, తుపాకిని ఇంకొకరింట్లో పెట్టనని లైసెన్సున్న మనిషి రాసి సంతకం పెట్టాల. ఏ కారణానికైనా అన్న మాట కింద గీత కూడా గీసినారు.

ఒకటో తారీకుకి ఇంకా నాలుగు రోజులు. ఆయుధపూజకి పదకొండు.

ఫారం ఇంటికి తెచ్చి అయ్య ముందర పెట్టినాను. సదివి ఇనిపించినాను. గీత గీసిన మాట రెండుసార్లు సదివినాను, తరవాత ఇనలేదు అనకుండా.

“అంటే పూజకి తీసుకెల్లకూడదు” అన్నాడు.

“ఇంట్లో సేసుకుందాం అయ్యా. గంధం నేను పెడతాను, దండ నేను కడతాను.”

“ఒక్కదాన్నే పెడితే అది పూజెలగవుతాది? అది తుడవడం.”

“మరి నువ్వు సెప్పు ఏటి సెయ్యాలో. సంతకం పెట్టకు. పాక్‌చిక్‌కి నేను సెప్పేత్తాను, మా అయ్య ఇంక రాడు, ఏరే మనిషిని సూసుకోమని.”

నేను కోపంలో అన్నాను. అన్నాక అయ్య మొహం సూసి నాలిక కరుసుకున్నాను. ఆ నాలుగు నెలల గెడ్డం మొహం ఒక్క క్షణం కనపడినాది.

అమ్మ వచ్చి అయ్య పక్కన కూకొన్నాది. ఆమె ఈ వారమంతా ఇందులో నోరు పెట్టలేదు. “అప్పుడు మీరు నలుగురూ కలిసి తిరిగేవోరు గనక నాలుగూ కలిపి పెట్టినారు. ఇప్పుడు నీ ఎంట పొదల్లో తిరిగేది ఎవరు? కోతపనోళ్ళు. ఏ దేశం నించో వచ్చిన పిల్లలు. వాళ్ళకి తుపాకి లేదు, ఏ గుడ్డ మీద పెడతావు? వాళ్ళకి ఆసరా ఈ కాగితమొక్కటే.” అన్నాది.

అయ్య ఫారం దగ్గరికి లాక్కున్నాడు. తరవాత పెన్ను అడిగినాడు. తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మెల్లిగా, ఒక్కో అక్షరం ఒత్తి రాసినాడు. ఫారం నా ఎదురుగా తోసీసి లేచి బీరువా తాళం ఒకసారి లాగి సూసి వచ్చినాడు.

“మరి పెద్దయ్యకి, మావలకి సెప్పాల గదా” అన్నాను.

“ఊఁ” అన్నాడు.

ఆ ఊఁ నాకు తెలుసు. ఆ మనిషి సెప్పడు. ఫోను తీసి మళ్ళీ పెట్టీత్తాడు. పూజనాటికి ఆ ముగ్గురూ ఎర్రగుడ్డ పరిసి, నాలుగోదాని కోసం సోటు వొదిలి, మధ్యాన్నం దాకా గుమ్మంలోకి సూత్తా కూకొంటారు.

మర్నాడు పొద్దున్న సంతకం పెట్టిన ఫారం అక్క సాపు తలుపు కింద నించి లోపలికి తోసీసి, షిఫ్టుకి ఇంకా గంటుందని బండి పెద్దయ్య ఇంటి వేపు తిప్పినాను. ఆయన పెరట్లో కోళ్ళకి నూకలు సల్లుతన్నాడు.

“ఏటే గుంటా, ఇంత పొద్దున్నే? మీ అయ్యకి బాగుందా?”

“బాగున్నాడు పెద్దయ్యా. ఈ ఏడు పూజకి అయ్య వత్తాడు. తుపాకి రాదు.”

నూకలు సల్లడం ఆపి నన్ను సూసినాడు. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం సెప్పీసినాను. ఫొటో, ఉత్తరం, గీత గీసిన మాట.

“మీ అయ్య సెప్పమన్నాడా?”

“లేదు. ఆయన సెప్పలేడు, అందుకే నేనొచ్చినాను.”

“ఎప్పుడన్నా నలుగురం మళ్ళీ పంది ఎనక పోతే? నా గుండు మీ అయ్యకి తగిలితే?”

“ఇన్సూరెన్సు ఉంటాది పెద్దయ్యా, నువ్వూ రాయించుకో. అక్కకి నేను సెప్తాను.”

“తగిలినాక డబ్బులిత్తాది అది. తగలకుండా సూత్తాదేటి?”

ఆయన లోపలికెల్లి టీ తెచ్చి ఇచ్చినాడు. ఇద్దరం పెరట్లో నిలబడే ఉన్నాం, కోళ్ళు మా కాళ్ళ మధ్య నించి తిరుగుతన్నాయి. టీ తాగీసి గ్లాసు కుళాయి కింద కడిగి బోర్లించినాను. తరవాత ఆ మాటే సెప్పడానికి ఇద్దరు మావల్లో మొదటాయన ఇంటికి బండి తీసినాను.